మా ప్రెస్ నోట్ ఏ పత్రికలోనూ రాలేదు, మా పొరపాటు మాత్రం మాకంటే ముందే యార్డుకు చేరింది: ఎక్కడ తప్పు చేశాం?

హెచ్ఎస్ఆర్_లేఅవుట్ (ప్రశ్న)

నమస్కారం. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో 14 మందితో నడుస్తున్న చిన్న కంపెనీ మాది. కోల్డ్ స్టోరేజీ గదుల్లో ఉష్ణోగ్రతను, తేమను ఎప్పటికప్పుడు నమోదు చేస్తూ, రాత్రివేళ కంప్రెసర్ ఆగిపోయినా, గది తలుపు సరిగా పడకపోయినా యజమానికి ఫోన్ చేసి తెలుగులోనో కన్నడంలోనో విషయం చెప్పే పరికరాన్ని తయారు చేస్తున్నాం. మా ఖాతాదారుల్లో ఎక్కువ మంది గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసేవారు, కొందరు కోలారు వైపు కూరగాయలు నిల్వ చేసేవారు. రెండు విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

మొదటిది. ఈ ఏడాది ఆరంభంలో మాకు తొలి విడత పెట్టుబడి వచ్చింది. ఆ సందర్భంగా ప్రెస్ నోట్ రాసి, ఎక్కడెక్కడి నుంచో సేకరించిన 60కి పైగా విలేకరుల ఈమెయిల్ చిరునామాలకు ఒకేసారి పంపాం. ఎవరూ ప్రచురించలేదు సరికదా, ఎవరూ తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. దాని మొదటి వాక్యం ఇది: "వ్యవసాయ సరఫరా గొలుసులో విప్లవాత్మక మార్పులకు శ్రీకారం చుడుతూ, కృత్రిమ మేధ ఆధారిత అత్యాధునిక పరిష్కారాలను అందిస్తున్న అగ్రగామి సంస్థ అయిన మేము తొలి విడత పెట్టుబడిని విజయవంతంగా సమీకరించామని ప్రకటించేందుకు సంతోషిస్తున్నాం." ఆ తర్వాత ఒక పీఆర్ ఏజెన్సీ వారు వచ్చి, నెలకు ఇద్దరు ఇంజనీర్ల జీతమంత ఇస్తే ఇన్ని వెబ్‌సైట్లలో తప్పకుండా వార్త వచ్చేలా చూస్తామని మాట ఇస్తున్నారు.

రెండోది నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం. మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి మా సర్వర్‌లో కొత్త మార్పు ఒకటి పెట్టాం. అందులోని లోపం వల్ల ఐదు గంటలకు పైగా ఎవరికీ ఫోన్లు వెళ్లలేదు. సరిగ్గా ఆ సమయంలోనే ఒకరి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆగింది. తెల్లవారుజామున కాపలాదారు గమనించాడు కాబట్టి సరుకు పాడవలేదు. ఆదివారమంతా ఏం చెప్పాలన్నదాని మీద మాలో మేము తర్జనభర్జన పడి, సోమవారం మధ్యాహ్నం "కొన్ని సాంకేతిక కారణాల వల్ల కొద్దిమంది ఖాతాదారులకు సేవల్లో స్వల్ప అంతరాయం కలిగింది" అని ఇంగ్లీషులో ఈమెయిల్ పంపాం. అప్పటికే మిర్చి యార్డు తెరిచారు, "ఆ పెట్టె పనిచేయదట" అన్న మాట కమీషన్ ఏజెంట్ల మధ్య తిరిగిపోయింది. ఇద్దరు ఖాతాదారులు ఒప్పందం పొడిగించాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. జరిగింది జరిగినట్టు చెబితే కొత్తవారు భయపడతారని మా భాగస్వామి వాదన. ఆయన మాటతో ఏకీభవించలేకపోతున్నాను గానీ, ఎందుకు కాదో చూపించే ఆధారం నా దగ్గర లేదు.

పాత_విలేకరి

పదకొండేళ్లు పత్రికలో పనిచేశాను, మొదట విజయవాడలో, తర్వాత బెంగళూరులో బిజినెస్ డెస్క్‌లో. ఇప్పుడు నాలుగైదు స్టార్టప్‌లకు ప్రచార వ్యవహారాలు చూస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలిగేవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి మొదటిదాని గురించి వివరంగా రాస్తాను.

మీ ప్రెస్ నోట్ మొదటి వాక్యాన్ని మరొక్కసారి చదవండి. అందులో మీ పరికరం లేదు, మిర్చి లేదు, గుంటూరు లేదు, రాత్రి రెండు గంటలకు మోగే ఫోన్ లేదు. ఆ వాక్యంలో "వ్యవసాయ" అన్న మాట తీసేసి "వైద్య" అనో "విద్యా" అనో పెడితే అది మరో కంపెనీకి అంతే చక్కగా సరిపోతుంది. ఉదయం ఎడిషన్ మీటింగ్‌కు ముందు అరగంటలో మెయిల్ పెట్టెను జల్లెడ పట్టే విలేకరికి అలాంటి వాక్యం కనిపించగానే వేలు డిలీట్ మీదకు వెళుతుంది. అది నిర్లక్ష్యం కాదు. తన పాఠకుడికి ఇందులో ఏముందని ఎడిటర్ అడిగితే చెప్పడానికి ఆ విలేకరి చేతిలో ఏమీ ఉండదు. పెట్టుబడి రావడం మీ ఇంట్లో శుభకార్యం, పాఠకుడి ఇంట్లో కాదు. పైగా ఎంత వచ్చిందో, ఎవరు పెట్టారో చెప్పకుండా వచ్చిందని మాత్రం చెబితే, స్టార్టప్‌ల వార్తలు మాత్రమే రాసే వెబ్‌సైట్లు కూడా తీసుకోవు.

అసలు వార్తను మీరే మీ ప్రశ్నలో రాశారు, మీరు గమనించలేదంతే. నేనైతే ఇలా మొదలుపెడతాను: "అర్ధరాత్రి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆగిపోతే యజమానికి ఫోన్ చేసి తెలుగులో హెచ్చరించే పరికరాన్ని గుంటూరు జిల్లాలో ఇన్ని గిడ్డంగులు వాడుతున్నాయి." ఆ "ఇన్ని" దగ్గర మీ ఖాతా పుస్తకంలో ఉన్న అసలు సంఖ్య వేయండి. ఎనిమిదే అయితే ఎనిమిదే వేయండి. విలేకరి వెళ్లి లెక్కపెట్టగలిగిన ఎనిమిదికి ఉన్న విలువ, ఎవరూ లెక్కపెట్టలేని "వందలాది"కి ఉండదు. రెండో పేరాలో రైతు వస్తాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ధర నచ్చక టిక్కీలను (మిర్చి బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, మంచి ధర కోసం నెలల తరబడి ఎదురుచూసే రైతుకు సరుకు రంగు తగ్గితే ఎంత నష్టమో గుంటూరు పాఠకుడికి ఎవరూ వివరించనక్కర్లేదు. మీ పెట్టుబడి సంగతి నాలుగో పేరాలో ఒక్క వాక్యంగా రావచ్చు.

ఇక ఎవరికి పంపాలి? ఒకే ఉత్తరాన్ని 60 మందికి పంపడమంటే ఎవరికీ రాయకపోవడమే. మీకు మూడు రకాల విలేకరులు కావాలి: గుంటూరులో యార్డు వార్తలు రాసేవారు, వ్యవసాయ పేజీ చూసేవారు, బెంగళూరులో స్టార్టప్‌ల మీద రాసేవారు. ఒక్కొక్కరు గత రెండు నెలల్లో ఏం రాశారో చదివి, ఒక్కొక్కరికీ విడిగా ఐదారు వాక్యాలు రాయండి. ముందు ఒక్కరికే ఇవ్వాలనుకుంటే ఆ మాట స్పష్టంగా చెప్పి, ఇచ్చిన గడువు దాటేవరకు ఇంకెవరికీ ఇవ్వకండి. ఫలానా తేదీ వరకు ప్రచురించవద్దని ఎంబార్గో పెట్టాలనుకుంటే, వివరాలు పంపకముందే అవతలివారి అంగీకారం తీసుకోవాలి. అన్నీ పంపేసి మెయిల్ పైన "ఎంబార్గో" అని రాసినంత మాత్రాన ఎవరూ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. "ఆఫ్ ది రికార్డ్" విషయంలోనూ అంతే, మాట బయటికి వచ్చాక ఆ షరతు పెట్టడం కుదరదు.

ఫొటో గురించి ఒక మాట. వ్యవస్థాపకులు చేతులు కట్టుకుని నిలబడిన ఫొటో వద్దు. గోడకు మీ పెట్టె, వెనక వరసగా పేర్చిన టిక్కీలు, పక్కన ఆ గిడ్డంగిలో పనిచేసే మనిషి ఉన్న ఫొటో పంపండి. ప్రెస్ నోట్ కింద ఇచ్చే ఫోన్ నంబరు రాత్రి ఎనిమిది తర్వాత కూడా ఎత్తే మనిషిది కావాలి, ఎందుకంటే డెస్క్‌లో సందేహం వచ్చేది పేజీ పెట్టే వేళకే. జవాబు దొరక్కపోతే ఆ వార్త స్థానంలో మరొకటి వెళ్లిపోతుంది.

ఏజెన్సీ వారు వార్తకు హామీ ఇస్తున్నారంటే, సాధారణంగా వారు ఇచ్చేది డబ్బు కట్టి వేయించే ప్రకటనే. ప్రకటన అని స్పష్టంగా గుర్తు వేసి ప్రచురిస్తే తప్పు లేదు, కానీ అది వార్త అనుకుని డబ్బు పెట్టకండి. డబ్బు తీసుకుని ప్రకటనను వార్త రూపంలో అచ్చువేయడం ఎంత పెద్ద జబ్బో 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వివరంగా రాసింది. మంచి ఏజెన్సీలు లేకపోలేదు. వారు ఫలానా విలేకరితో మాట్లాడిస్తామంటారే గానీ వార్త వస్తుందని మాట ఇవ్వరు. 14 మందితో ఉన్న దశలో మాత్రం ఈ పని వ్యవస్థాపకుల్లో ఒకరు స్వయంగా చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

అడయార్_సపోర్ట్

నేను చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ విభాగం చూస్తున్నాను. పొరపాటు జరిగిన రాత్రి ఏం చెప్పాలన్నది మా రోజువారీ సమస్య కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

మీ భాగస్వామి భయం కొత్తది కాదు. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీద నుంచి నీటిలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను దాచిపెట్టడమే అప్పటి రైలు కంపెనీల అలవాటు. ఆ కంపెనీకి సలహాదారుగా ఉన్న ఐవీ లీ మాత్రం జరిగినదాన్ని కాగితం మీద రాయించి పత్రికలకు ఇప్పించి, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. ప్రెస్ నోట్ అనే పద్ధతికి అదే నాంది అని సాధారణంగా చెబుతారు. అంటే మీరు పెట్టుబడి సంబరానికి వాడిన ఆ సాధనం పుట్టిందే ఒక ప్రమాదం గురించి నిజం చెప్పడానికి.

మన రంగంలోని ఉదాహరణ గిట్‌ల్యాబ్, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైట్ నడిపే కంపెనీ. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. తీరా చూస్తే బ్యాకప్ పద్ధతులు కూడా అక్కరకు రాలేదు. సేవలు దాదాపు 18 గంటలు నిలిచిపోయాయి, సుమారు ఆరు గంటల్లో చేరిన సమాచారం తిరిగి రాకుండా పోయింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పరిస్థితి ఏ కంపెనీకైనా ఉంటుందా? అయినా వారు మరమ్మతు జరుగుతుండగానే తమ పని నోట్సును అందరూ చదివేలా తెరిచి ఉంచారు, యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, తర్వాత కారణాలన్నీ రాసి ప్రచురించారు. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు, "బృంద సభ్యుడు 1" అని మాత్రమే ఉంది. ఈ ఒక్క విషయాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆ శనివారం రాత్రి మార్పు పెట్టిన కుర్రాడి మీదకు తప్పు నెట్టే వాక్యం మీ వివరణలో ఎక్కడా రాకూడదు, ఎందుకంటే పరీక్షించకుండా ఆ మార్పును బయటికి వెళ్లనిచ్చిన పద్ధతి మొత్తం కంపెనీది.

మా చెన్నై వైపు నుంచి ఇంకొకటి. కస్టమర్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ చేసే ఫ్రెష్‌వర్క్స్ ఇంకా ఫ్రెష్‌డెస్క్ పేరుతో చిన్న కంపెనీగా ఉన్న 2011లో, తమను చూసి నకలు కొట్టారని పోటీ కంపెనీ వారు ట్విట్టర్‌లో నిందించారు. ఫ్రెష్‌డెస్క్ వారు ఆ నిందను, తమ జవాబును ఒకే వెబ్‌సైట్‌లో పెట్టి చదివేవారినే తేల్చుకోమన్నారు. నింద చదివినవారికి అక్కడే జవాబు కూడా దొరికేలా చేశారన్నమాట. మీ విషయంలో నింద పుట్టింది యార్డులో, మీ జవాబు వెళ్లింది ఈమెయిల్‌లో.

ఇప్పుడు ఆచరణకు వస్తాను. లోపం తెలిసిన గంటలోపు మొదటి కబురు వెళ్లాలి: ఫోన్లు వెళ్లడం లేదు, బాగుచేస్తున్నాం, అప్పటిదాకా దయచేసి మీ గదులను మనిషి చేత చూపించుకోండి. కారణం అప్పటికి తెలియకపోయినా ఫర్వాలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ మూడో మాట, ఎందుకంటే సరుకును కాపాడేది అదే. బాగయ్యాక రెండో కబురు. కారణం పూర్తిగా తేలాక, వారం లోపల, మూడోది. "కొద్దిమంది", "స్వల్ప", "సాంకేతిక కారణాలు" అన్న మాటలను మా విభాగంలో పూర్తిగా నిషేధించాను. ఎంతమందికి, ఎన్ని గంటలు, ఏ లోపం అన్నవి చెప్పడానికి వీలున్నప్పుడు వాటి బదులు ఇలాంటి మాటలు వాడితే చదివేవాడికి ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది.

నిబంధనల_బల్ల

పై సలహాలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. మీకు జరిగింది సాఫ్ట్‌వేర్ లోపం. ఎవరైనా బయటివారు మీ సర్వర్‌లోకో పరికరాల్లోకో చొరబడితే అది వేరే వ్యవహారం అవుతుంది. అలాంటి సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. ఖాతాదారుల వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కితే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ, ఆ సమాచారం ఎవరిదో వారికీ చెప్పాలి. చెప్పకపోతే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి మొదటి కబురులో కారణాన్ని ఊహించి రాయకండి. లోపమని రాసి, తర్వాత చొరబాటని తేలితే రెండుసార్లు మాట మార్చినవారవుతారు. నష్టపరిహారం గురించి ఒప్పందం చదవకుండా మాట ఇవ్వకండి. అయితే న్యాయవాది చూడాలన్న కారణంతో రెండు రోజులు ఆపడం కూడా సరికాదు. మామూలు రోజుల్లోనే మూడు రకాల నమూనా కబుర్లు రాసి, న్యాయవాదికి చూపించి సిద్ధంగా ఉంచుకుంటే, ఆ రాత్రి సమయాలు, సంఖ్యలు నింపడమే మిగులుతుంది.

గుంటూరు_కోల్డ్‌స్టోరేజీ

నేను ఈ కంపెనీ ఖాతాదారుణ్ణి కాదు. మా కుటుంబానికి గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది, నేను ఉద్యోగరీత్యా వైట్‌ఫీల్డ్‌లో ఉంటూ లెక్కలు చూస్తుంటాను. మా వైపు నుంచి ఈ విషయం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మా గదుల్లో ఉన్న సరుకు మాది కాదు. తేజ, బాడిగ, 334, ఏ రకమైనా అది రైతుదో వ్యాపారిదో అయి ఉంటుంది, మా చేతిలో ఉండేది వారికి రాసిచ్చిన రసీదు. రాత్రి కంప్రెసర్ ఆగిందన్న సంగతి ఊళ్లో తెలిసిందంటే, తెల్లవారేసరికి రైతులు మా గేటు దగ్గర ఉంటారు. వారికి మా నాన్నగారు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబుకు కావలసిన వివరం మీ దగ్గర ఉంది: ఏ గదిలో ఉష్ణోగ్రత ఎన్ని గంటలకు ఎంత ఉంది, ఎంతవరకు పెరిగింది, మళ్లీ ఎప్పుడు దిగింది. మీ పెట్టె ఫోన్ చేయలేకపోయినా ఈ లెక్కలు నమోదు చేస్తూనే ఉండి ఉంటుంది కదా? ఆ కాగితం ఆదివారం పొద్దున మీరు మాకు ఇచ్చి ఉంటే, దాన్నే రైతులకు చూపించి ఉండేవాళ్లం. మీ దగ్గర నుంచి మాట రాకపోవడంతో ఆ యజమాని రైతుల ముందు మాట లేకుండా నిలబడాల్సి వచ్చి ఉంటుంది. ఒప్పందం గురించి ఆయన వెనకాడుతున్నది లోపం వల్ల కంటే ఈ కారణం వల్లే ఎక్కువని నా నమ్మకం. లోపాలు మా యంత్రాల్లోనూ వస్తాయి, అది మాకు అర్థమవుతుంది.

ఈమెయిల్ మా నాన్నగారు చూడరు. ఫోన్ చేయండి, లేదా వాట్సాప్‌లో తెలుగులో గొంతు రికార్డు చేసి పంపండి.

హెచ్ఎస్ఆర్_లేఅవుట్

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గుంటూరు వారి జవాబు నిన్న రాత్రి మా భాగస్వామికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, లేచి వెళ్లి ఆ రాత్రి రికార్డులు తీయించారు. మీరు ఊహించింది నిజమే. పరికరం లెక్కలన్నీ నమోదు చేసింది. ఆ గదిలో కంప్రెసర్ ఆగింది రాత్రి 1:20కి, మళ్లీ నడిచింది 4:05కి. ఇన్నాళ్లూ ఆ వివరం మా సర్వర్‌లో ఉండిపోయింది.

ఐదు వారాలు ఆలస్యమైనా ఖాతాదారులందరికీ పంపాలని ఇది రాశాను, దయచేసి చూడండి:

"ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి 11:40 నుంచి తెల్లవారుజామున 4:50 వరకు మా పరికరం నుంచి మీలో ఎవరికీ ఫోన్ రాలేదు. మేము పెట్టిన కొత్త మార్పును ముందుగా సరిగా పరీక్షించకపోవడమే కారణం. తప్పు మాది. మరుసటి ఉదయమే మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది, అది కూడా చేయలేదు. అనివార్య పరిస్థితుల్లో జరిగిన ఈ ఆలస్యానికి క్షమించగలరు. ఇకపై రాత్రివేళ ఎలాంటి మార్పులూ పెట్టము. ఫోన్లు వెళుతున్నాయో లేదో ప్రతి పావుగంటకూ విడిగా పరీక్షించే ఏర్పాటు చేశాం. ఆ రాత్రి మీ గదుల్లోని ఉష్ణోగ్రతల పట్టిక దీనితో జతచేశాం."

పాత_విలేకరి

బాగుంది. "అనివార్య పరిస్థితుల్లో" అన్న రెండు మాటలు కొట్టేయండి, మీ ఆలస్యం అనివార్యం కాదని మీరే పై వాక్యంలో ఒప్పుకున్నారు. "ఏప్రిల్‌లో ఒక శనివారం" అని ఊరుకోకుండా తేదీ వేయండి. వెనకాడుతున్న ఆ ఇద్దరికీ ఇది పంపే ముందు స్వయంగా వెళ్లి మాట్లాడండి. పత్రికల వార్త సంగతి అది అయిన తర్వాతే చూద్దాం, ఎందుకంటే యార్డు విలేకరి మీ గురించి మొదట అడిగేది వాళ్లనే.

హెచ్ఎస్ఆర్_లేఅవుట్

ఆ రెండు మాటలూ తీసేశాను, తేదీ వేశాను. రేపు రాత్రి బస్సుకు నేనూ మా భాగస్వామీ గుంటూరు వెళుతున్నాం. ఆ గది పట్టికను తెలుగులో పెద్ద అక్షరాల్లో ముద్రించి పది ప్రతులు తీసుకెళుతున్నాం, యజమాని గేటు దగ్గర రైతులకు పంచడానికి వీలుగా.